పీవీ అంటే 1991 ఒక్కటేనా? మంథని వకీల్ సాబ్ రాష్ట్ర రాజకీయం మీద చర్చ

హన్మకొండ జూనియర్ | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. జూన్ 28న మా కోర్టులో పీవీ నరసింహారావు గారి జయంతి చేస్తున్నారు. జూనియర్లలో ఒకరు పావుగంట మాట్లాడాలని తీర్మానించి, నేను క్యాంటీన్‌లో ఉన్న టైం చూసి నా పేరు రాసేశారు.

ఏటా జరిగే తంతు మీకు తెలిసిందే. లక్నెపల్లిలో పుట్టిన తెలుగు బిడ్డ, బహుభాషా కోవిదుడు, 1991లో దేశాన్ని గట్టెక్కించాడు, భారతరత్న 2024 దాకా రాలేదు. దండ, చప్పట్లు, సమోసా, చాయ్. నాకు ఆ పీవీ వద్దు. 1957లో మంథని నుంచి అసెంబ్లీకి వెళ్లి, న్యాయ శాఖతో మొదలుపెట్టి ముఖ్యమంత్రి దాకా ఎదిగి, 1973 జనవరిలో కుర్చీ దిగిన పీవీ కావాలి. లా చదివిన మనిషి రాష్ట్ర రాజకీయంలో ఏం చేశాడన్నది వకీళ్లు కూడా మాట్లాడుకోకపోతే ఎట్లా?

నా వాదన ఇది. ఆయన నల్లకోటు వేసుకున్నది కొద్దికాలమే అయినా, సచివాలయంలో కూడా దాన్ని విప్పలేదు. కాగితం మీద మాట ఖరారైతే పని అయిపోయినట్టే అనుకున్నాడు. మంచి చట్టాలు వచ్చిందీ ఆ బుద్ధితోనే, పదవి పోయిందీ ఆ బుద్ధితోనే. కాదంటే చీల్చి చెండాడండి. స్టేజీ మీద పరువు పోవడం కంటే ఇక్కడ పోవడం నయం.

మానేరు ఒడ్డు | సోమవారం రాత్రి 10:25

జూనియర్ గారూ, మంచి అంశం ఎత్తుకున్నారు. 1957 నుంచి మొదలుపెడితే మాత్రం కథ సగం పోతుంది. అసలు 1952 నుంచి మొదలుపెట్టండి.

దానికి ముందు నాలుగు ముక్కలు. పుట్టింది నర్సంపేట దగ్గర లక్నెపల్లి, దత్తత వెళ్లింది వంగరకు. వంగర అప్పుడు కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ జిల్లా. హన్మకొండలో చదువుతుండగా 1938 వందేమాతరం ఉద్యమం వచ్చింది. ఉస్మానియా కింద ఉన్న కాలేజీలు విద్యార్థులను వెళ్లగొడితే నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. తర్వాత పుణెలో ఫెర్గుసన్ కాలేజీ, మళ్లీ నాగపూర్ వచ్చి లా. హైదరాబాదులో బూర్గుల రామకృష్ణారావు గారి దగ్గర జూనియర్. నిజాం మీద పోరాటం నడిచినప్పుడు చాందాలో (ఇప్పటి మహారాష్ట్ర చంద్రపూర్) కాంగ్రెస్ క్యాంపు పని చూశాడు. తర్వాత పాములపర్తి సదాశివరావు గారితో కలిసి వరంగల్ నుంచి కాకతీయ పత్రిక నడిపాడు. ఇద్దరూ జయ, విజయ అన్న పేర్లతో రాసేవారు. కేసుల కాగితాల కంటే పత్రిక కాగితాల మీదే ఆయనకు ఎక్కువ ప్రేమ ఉండేదని నా అనుమానం.

1952లో కరీంనగర్ నుంచి లోక్‌సభకు నిలబడి ఓడిపోయాడు. ఓడించింది బద్దం ఎల్లారెడ్డి. సాయుధ పోరాటం అప్పుడే ఆగింది, కమ్యూనిస్టులు పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో పోటీ చేశారు. అదే ఎన్నికల్లో నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ మెజారిటీ వచ్చింది. తెలంగాణ పల్లె ఎవరికి ఓటేస్తుందో ఒక యువ వకీలుకు అంతకంటే బాగా ఎవరు చెప్తారు? భూమి సంగతి తేల్చకుండా ఇక్కడ రాజకీయం లేదు. ఇరవై ఏళ్ల తర్వాత ఆయన సీలింగ్ చట్టం (ఒక కుటుంబం ఉంచుకోగల భూమికి గరిష్ట పరిమితి పెట్టే చట్టం) మీద అంత పట్టు పట్టడానికి మూలం ఆ ఓటమిలో ఉందని నేననుకుంటా.

ఓరుగల్లు పోరడు | సోమవారం రాత్రి 10:41

అంటే గురువు బూర్గుల కూడా వకీలే, హైదరాబాద్ స్టేట్‌కు ముఖ్యమంత్రి. శిష్యుడు కూడా వకీలే, ఆంధ్రప్రదేశ్‌కు ముఖ్యమంత్రి. జూనియర్ అన్నా, మీ సీనియర్ ఎవరో జర చెప్పు. ఇప్పటి నుంచే దోస్తానా పెట్టుకుంటం.

హన్మకొండ జూనియర్ | సోమవారం రాత్రి 10:50

మా సీనియర్ దగ్గర చేరితే వాయిదా పిటిషన్ రాయడం వస్తుంది తమ్ముడూ. ముఖ్యమంత్రి పదవి సిలబస్‌లో లేదు.

మానేరు ఒడ్డు గారూ, 1952 సంగతి అద్భుతం. పెట్టుకుంటా.

మంత్రపురి | మంగళవారం ఉదయం 7:15

మంథని పేరు వచ్చాక ఊరుకుంటే మా ఊరోళ్లు నన్ను రానివ్వరు. 1957, 1962, 1967, 1972, వరుసగా నాలుగు సార్లు గెలిపించినం. గోదావరి ఒడ్డు, ఒక పక్క వేదపండితుల వీధులు, ఇంకో పక్క మహాదేవపూర్ అడవి. ఇట్లాంటి సీటులో వేదం తెలిసిన బ్రాహ్మణ వాడకూ, చదువు రాని అడవి పల్లెకూ ఒకే మనిషి నచ్చాలంటే మాటలా? మా సీటు నుంచి తర్వాత శ్రీపాదరావు గారు స్పీకర్ అయ్యారు, 1999లో నక్సలైట్లు ఆయన్ను చంపారు. ఆయన కొడుకు శ్రీధర్‌బాబు గారు హైకోర్టులో ప్రాక్టీసు చేసి వచ్చినవారే. మంథనికి నల్లకోట్లు కొత్త కాదు.

జూనియర్ గారికి నాదొక మనవి. "పదవి పోయింది" అని పదేపదే అనకండి. పోగొట్టారు. ఎవరు పోగొట్టారో అందరికీ తెలుసు.

హన్మకొండ జూనియర్ | మంగళవారం మధ్యాహ్నం 1:30

లంచ్ బ్రేక్‌లో రాస్తున్నా. మంత్రిగా ఉన్న రోజులు చూడండి. 1962లో న్యాయ, సమాచార శాఖలు. 1964లో న్యాయ, దేవాదాయ శాఖలు. పార్టీలో పెద్ద తలకాయలు ఎగబడే శాఖలు కావివి. నీటిపారుదల, రెవెన్యూ ఇస్తే నలుగురికి పనులు చేసి పెట్టొచ్చు, న్యాయ శాఖలో ఎవరికేం చేస్తావు?

కానీ 1966 ఒక్క ఏడాదే తీసుకోండి. ఆంధ్ర ప్రాంతంలో గుళ్లకు ఒక చట్టం, తెలంగాణలో ఇంకో పద్ధతి ఉండేవి. రాష్ట్రమంతటికీ కలిపి దేవాదాయ చట్టం వచ్చింది ఆ ఏడాదే. 1987లో ఎన్టీఆర్ ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చేదాకా గుడి భూములు, ట్రస్టీల తగాదాలు అన్నీ దాని కిందే నడిచాయి. తెలుగును అధికార భాష చేసిన చట్టం కూడా 1966దే. అప్పుడు న్యాయమంత్రి ఈయనే. అరవై ఏళ్లయినా మా కోర్టులో తెలుగులో తీర్పు వస్తే పక్కవాళ్లకు చూపించుకుంటాం, అది వేరే బాధ.

సర్వేల్ పాత బ్యాచ్ | మంగళవారం సాయంత్రం 6:05

న్యాయ శాఖ దగ్గరే ఆగకండి సార్. 1968 నుంచి విద్యాశాఖ. ఆ ఏడాదే తెలుగు అకాడమీ పెట్టారు, మొదటి అధ్యక్షుడు ఆయనే. ఇంటర్, డిగ్రీ తెలుగు మీడియంలో చదవాలంటే ముందు పుస్తకాలు ఉండాలి కదా. ఫిజిక్స్‌కూ ఎకనామిక్స్‌కూ తెలుగులో పదాలు తయారుచేసి పుస్తకాలు అచ్చు వేయడం దాని పని. నేటికీ గ్రూప్స్ రాసే పిల్లలు హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ వీధుల్లో అడిగే మొదటి పుస్తకం అకాడమీదే.

ఇక 1971లో సర్వేల్ గురుకులం. అప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. పరీక్ష పెట్టి పల్లె పిల్లలను ఏరుకొచ్చి, తిండి, బట్ట, చదువు అన్నీ సర్కారే చూసుకున్న బడి. మా నాయన బీడీ ఖార్ఖానాలో పనిచేసేవాడు. హాస్టల్లో చేరిన రోజు నాకు ఇచ్చిన రేకు పెట్టె, దాని మూత మీద తెల్ల పెయింటుతో రాసిన నా నంబరు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. మా పక్క మంచం వాడు పెద్ద రైతు కొడుకు, వాడికీ అదే పెట్టె. నేడు తెలంగాణలో ఏ గురుకులం బోర్డు చూసినా దాని వేరు అక్కడే ఉంది.

జూనియర్ గారు "కాగితం మనిషి" అంటున్నారు. సర్వేల్ కాగితం కాదు.

వాంకిడి వాసి | మంగళవారం రాత్రి 8:50

అందరూ భజన బాగా చేస్తున్నారు. నేనొక ప్రశ్న అడుగుతా. 1969లో తెలంగాణ విద్యార్థులు రోడ్డెక్కారు. కాలేజీలు మూతపడ్డాయి. కాల్పుల్లో పిల్లలు చనిపోయారు, 369 మంది అన్నది ఉద్యమకారులు చెప్పే లెక్క. అప్పుడు విద్యామంత్రి ఎవరు?

అదే మంత్రివర్గంలో మా ఆదిలాబాద్ జిల్లా వాంకిడిలో పుట్టిన ఇంకో వకీలు ఉన్నాడు, కొండా లక్ష్మణ్ బాపూజీ. 1952లో ఆసిఫాబాద్ నుంచి ఎమ్మెల్యే, తర్వాత డిప్యూటీ స్పీకర్, మంత్రి. నిజాం కాలంలో ఉద్యమకారుల కేసులు వాదించినవాడు. 1947 డిసెంబరులో నిజాం కారు మీద బాంబు వేసిన కేసులో తనే అజ్ఞాతంలోకి వెళ్లినవాడు. 1969 మార్చిలో మంత్రి పదవికి రాజీనామా చేసి బయటికొచ్చాడు. 2001లో టీఆర్ఎస్ పుట్టింది ఆయన ఇల్లు జలదృశ్యంలోనే. 2012లో పోయాడు, తెలంగాణ రాష్ట్రం కళ్లతో చూడకుండానే.

ఇద్దరూ ఉత్తర తెలంగాణ వకీళ్లే. ఒకాయన కుర్చీ వదిలాడు, ఒకాయన కుర్చీలో ఉండి రెండేళ్లకు ఇంకా పెద్ద కుర్చీ ఎక్కాడు. మీ కోర్టులో ఎవరి జయంతి చేయాలి?

మంత్రపురి | మంగళవారం రాత్రి 9:02

మొదలైంది. రాజీనామా చేసినవాళ్లే మొనగాళ్లు, లోపల ఉండి పనిచేసినవాళ్లు ద్రోహులు. బాపూజీ అంటే మాకూ గౌరవమే. కానీ రాజీనామాతో ఎన్ని బళ్లు కట్టారు, ఎంత భూమి పంచారు చెప్పండి? ముందు ఇంట్లో ఓ నలుగురిని పోషించి చూడండి, పదవిలో ఉండటం ఎంత కష్టమో తెలుస్తుంది.

వాంకిడి వాసి | మంగళవారం రాత్రి 9:06

నా ఇంటి సంగతి మీకెందుకు? అడిగిన దానికి జవాబు చెప్పండి. విద్యామంత్రి ఎవరు?

వేదిక నిర్వాహకుడు | మంగళవారం రాత్రి 9:20

ఇద్దరూ కాస్త నెమ్మది. ఇళ్ల దాకా వెళ్లొద్దు. ప్రశ్న సరైనదే, జవాబు ఇవ్వగలిగినవాళ్లు ఇవ్వండి. తిట్లు ఉంటే ఈ చర్చ మూసేస్తా.

మానేరు ఒడ్డు | మంగళవారం రాత్రి 10:10

వాంకిడి వాసి గారి ప్రశ్నకు దాటవేత పనికిరాదు. విద్యామంత్రి పీవీయే. ఆయన రాజీనామా చేయలేదు, ఉద్యమం వైపు మాట్లాడలేదు. అది ఆయన ఖాతాలో ఉండాల్సిందే.

కానీ ఆ తర్వాత ఏమైందో చూడండి. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలో 14 సీట్లకు 10 ప్రత్యేక రాష్ట్రం అడిగిన తెలంగాణ ప్రజా సమితి గెలిచింది. ఆ దెబ్బతో ముఖ్యమంత్రి బ్రహ్మానందరెడ్డిని దించి తెలంగాణ మనిషిని కూర్చోబెట్టక తప్పలేదు. ప్రజా సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. సెప్టెంబరు 30న పీవీ ప్రమాణం చేశాడు. అంటే రోడ్డెక్కిన వాళ్ల బలంతో వచ్చిన కుర్చీలో, రోడ్డెక్కని మనిషి కూర్చున్నాడు. ఎందుకు ఆయనే? వెనక గ్రూపు లేదు. జిల్లాల్లో తన మనుషులంటూ ఎవరూ లేరు. ఢిల్లీకి అదే కావాలి. ఆ గ్రూపు లేకపోవడమే ఆయనకు అర్హత. పదిహేను నెలల తర్వాత పడిపోయేటప్పుడు పట్టుకునేవాళ్లు లేకపోవడానికి కారణమూ అదే.

జూనియర్ గారు అంతా వకీలు బుద్ధి మీద పెడుతున్నారు. నేను సగం ఒప్పుకుంటా. మిగతా సగం, ఢిల్లీ వేసిన ముఖ్యమంత్రికి ఉండే బలహీనత. దానికి లా డిగ్రీతో పనిలేదు.

పాత దస్త్రం | బుధవారం ఉదయం 6:30

రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగిని. నాయకుల గురించి మీరు మాట్లాడుకోండి, భూమి కాగితాల గురించి నేను చెప్తా. సర్వీసులో చేరిన కొత్తలో నా టేబుల్ మీదికి వచ్చినవి సీలింగ్ డిక్లరేషన్లే.

సీలింగ్ పీవీతో మొదలు కాలేదు. 1961లోనే ఒక చట్టం ఉంది. దాని ప్రకారం నేలను బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోవచ్చు. 324 ఎకరాలు గరిష్ట పరిమితి అంటే దొరకు నవ్వొస్తుంది. అది చట్టమా, సర్టిఫికెటా?

పీవీ వచ్చాక 1972లో ముందు భూముల అమ్మకాలు ఆపుతూ ఆర్డినెన్స్. ఆ సెప్టెంబరులో అసెంబ్లీలో బిల్లు. అది 1973 ఒకటో నంబరు చట్టంగా వచ్చింది. ఐదుగురున్న కుటుంబానికి తరి (నీళ్లు పారే భూమి) అయితే 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి (మెట్ట) అయితే 35 నుంచి 54. ఎక్కువమంది ఉంటే కొంత కలుపుతారు, ఎంత కలిపినా రెండింతలు దాటదు. వకీలు తెలివి ఎక్కడ ఉందో చెప్తా. 1971 జనవరి 24 తర్వాత చేసిన అమ్మకాలు, పంపకాలు ట్రిబ్యునల్ ముందు లెక్కకు వస్తాయి. చట్టం వస్తుందని వాసన పట్టి ముందే రాసుకున్నవాళ్లను పట్టడానికి ఆ తేదీ.

మరి ఏమైంది? తేదీ పెట్టారు కదా, జనం తేదీ కంటే ముందుకు పోయారు. నేను చూసిన ఒక ఫైలు ఇప్పటికీ కళ్ల ముందుంది. అన్నదమ్ముల పంపకం దస్తావేజు, తేదీ 1970. స్టాంపు కాగితం అంచులు పసుపెక్కి, మడత దగ్గర చిరిగి ఉంది, పాతదే. సిరా మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది. కింద సాక్షి సంతకం పెట్టినాయన పక్క ఫైలులో పట్టాదారు, ఆ ఫైలులో ఆయన వేలిముద్ర వేశాడు. ఏడాదిలో సంతకం మరిచిపోయాడన్నమాట. నేను నోట్ పెట్టా. పైవాళ్లు "పరిశీలించడమైనది" అని రాశారు.

పాలేర్ల పేరు మీద, చుట్టాల పేరు మీద, చివరికి పెంపుడు కుక్క పేరు మీద కూడా భూమి రాశారని జనం చెప్పుకునేవారు. కుక్కను నేను చూడలేదు, పాలేర్లను చూశా. తన పేరు మీద ముప్పై ఎకరాలుందని ఆ పాలేరుకు ట్రిబ్యునల్ ముందు నిలబెట్టేదాకా తెలియదు. పహాణీ, అంటే సాగు లెక్క, రాసేది ఊరి పట్వారీ, పట్వారీ కూర్చునేది దొర గడీలో. పట్వారీలు పోయింది 1984లో ఎన్టీఆర్ వచ్చాక. ఆ లోపు రాయాల్సినవన్నీ రాసేశారు.

ఇంకొకటి. చట్టం అమల్లోకి వచ్చింది 1975 జనవరి 1న, అప్పటికి జలగం వెంగళరావు గారి ప్రభుత్వం. 1977లో 4ఏ అని ఒక సెక్షన్ చేర్చారు. మేజర్ కొడుకులు ఉంటే వాళ్ల లెక్కన పరిమితి పెంచారు. ఒక్క సెక్షన్‌తో ఎన్ని ఫైళ్లు మూతపడ్డాయో మా ఆఫీసు అటెండర్‌కు తెలుసు, బీరువాలోకి మోసింది ఆయనే.

హన్మకొండ జూనియర్ | బుధవారం ఉదయం 8:10

సార్, ఈ ఒక్క పోస్టు కోసమైనా ఈ చర్చ మొదలుపెట్టినందుకు ఫలితం దక్కింది. సీలింగ్ చట్టం సెక్షన్ 21 కింద వేసే రివిజన్లలో ఇంకా ఆ 1971 జనవరి 24 తేదీ చుట్టే కొట్లాడుకుంటారు. ఆ దస్తావేజుల వెనక పాలేరు మొహం ఉందని ఇవాళే అనిపించింది.

మరి కౌలుదారీ చట్టంలోని 38ఈ సెక్షన్ మాటేమిటి? కౌలుదారుకు యాజమాన్యం ఇచ్చే సర్టిఫికెట్లు నా దగ్గరికి వచ్చే ప్రతి రెండో భూమి కేసులో ఉంటాయి.

పాత దస్త్రం | బుధవారం ఉదయం 11:45

మంచి చోట అడిగినవ్ బాబూ. అది 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టంలోది. రక్షిత కౌలుదారుకు తను దున్నే భూమి మీద హక్కు ఇచ్చే సెక్షన్. తెలంగాణ జిల్లాల్లో అది అమల్లోకి వచ్చిన తేదీ 1973 జనవరి 1. ముఖ్యమంత్రి రాజీనామా చేసింది 10న. కుర్చీ కదిలిపోతున్న రోజుల్లో వచ్చిన తేదీ అది. సీలింగ్ చట్టం గురించి వంద మంది మాట్లాడతారు, 38ఈ గురించి ఎవరూ మాట్లాడరు. ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డులో పేరుండి, పీటీ రిజిస్టర్‌లో (రక్షిత కౌలుదారుల జాబితా) పేరుండి, చేతిలో 38ఈ సర్టిఫికెట్ ఉన్న రైతును తర్వాత ఎంత పెద్ద మనిషైనా కదిలించడం కష్టమైంది. సీలింగ్‌లో మిగులు తేలిందంటే అది సర్కారు చేతికొచ్చి, లావుణి పట్టా (సర్కారు పేదలకిచ్చే పట్టా) అయ్యి, పేదోడికి చేరాలి. మధ్యలో నాలుగు టేబుళ్లు. ఇందులో దున్నేవాడు ముందే పొలంలో ఉన్నాడు.

ఓరుగల్లు పోరడు | బుధవారం మధ్యాహ్నం 12:20

మరి ఆయన సొంత భూమి? దొరలందరికీ సీలింగ్ పెట్టి తనది దాచుకున్నడా?

పాత దస్త్రం | బుధవారం మధ్యాహ్నం 12:48

లేదు. వంగరలో వాళ్లది పెద్ద ఆసామి కుటుంబం. పరిమితికి మించింది వదులుకున్నాడు. ఊళ్లో ఎవరినైనా అడుగు. సొంత పార్టీలో ఆయనకు శత్రువులు పుట్టింది అక్కడే. అందరూ వేదిక మీద చప్పట్లు కొట్టి, ఇంటికెళ్లి స్టాంపు కాగితాలు వెతుక్కుంటుంటే ఒకడు నిజంగా ఇచ్చేస్తే మిగతావాళ్లకు కోపం రాదా?

కృష్ణా కరకట్ట | బుధవారం రాత్రి 9:15

మీ గదిలోకి గుంటూరు నుంచి వస్తున్నా, తలుపు వేయకండి. 1972లో నేను విజయవాడలో కాలేజీ విద్యార్థిని. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిన జై ఆంధ్ర ఊరేగింపుల్లో నడిచాను.

తెలంగాణ మిత్రులు ఎప్పుడూ ఒకటే చెప్తారు, అది భూస్వాముల ఉద్యమం, సీలింగ్ తప్పించుకోవడానికి చేశారని. భూస్వాములు డబ్బు పెట్టారు, నిజమే. మా లారీలకు డీజిల్ ఎవరు పోయించారో నాకు తెలుసు. కానీ నాతో నడిచిన పిల్లలకు ఎకరం కూడా లేదు. వాళ్లకున్నది ఉద్యోగాల టెన్షన్. రాజధాని హైదరాబాదు, ఆఫీసులన్నీ అక్కడ. పదిహేనేళ్లు అక్కడ నివాసం ఉంటేనే అర్హులని 1919 నాటి నిజాం ఫర్మానా. ఆ ముల్కీ నిబంధనలు చెల్లవని 1972 ఫిబ్రవరిలో మన హైకోర్టు చెప్పింది, మేం పండగ చేసుకున్నాం. అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెల్లుతాయంది. సరే, కోర్టు చెప్పింది. ముఖ్యమంత్రి ఏమనాలి? "అందరం కూర్చుని మాట్లాడుకుందాం" అనాలి. ఆయన, తీర్పు వచ్చింది కాబట్టి ఇక అదే అంతిమం అన్న ధోరణిలో మాట్లాడారు. పేపర్లో చదివిన మా లెక్చరర్ ఒకాయన, చాలా నెమ్మదస్తుడు, పేపరు మడిచి బల్ల మీద కొట్టాడు. తెలంగాణ ముఖ్యమంత్రి తెలంగాణ వైపు తీర్పు చదివి వినిపించాడని మాకు వినపడింది.

అక్కడి నుంచి ఆగలేదు. ఆంధ్ర మంత్రులు రాజీనామాలిచ్చారు, డిసెంబరులో ఎన్‌జీవోల (నాన్-గెజిటెడ్ ప్రభుత్వ ఉద్యోగుల) సమ్మె. పార్లమెంటులో ముల్కీ చట్టం చేసి సర్దుబాటు చేయబోయారు, అది రెండు వైపులా నచ్చలేదు. జనవరిలో ఆయన దిగిపోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది.

నా వరకు ఇప్పుడు కోపం లేదు. మా పెద్దన్నయ్యకు మాత్రం పీవీ పేరు చెబితే ఇవాళ్టికీ ముఖం మాడుతుంది.

హన్మకొండ జూనియర్ | బుధవారం రాత్రి 9:50

కృష్ణా కరకట్ట గారూ, తలుపు ఎందుకు వేస్తాం! నా వాదనకు కీలక సాక్షి మీరే.

సుప్రీంకోర్టు చెప్పిన చట్టం దేశంలో అన్ని కోర్టులకూ శిరోధార్యమని 141వ అధికరణం. వకీలుగా ఆయన అన్నది అక్షరాలా నిజం. మా దగ్గర ఏ జూనియర్‌ను లేపి అడిగినా అదే చెప్తాడు. కానీ కోర్టులో ఓడిన పార్టీ బయటికొచ్చి గేటు దగ్గర నిలబడి ఉంటుంది, గెలిచిన వకీలు ఆ దారిన వెళ్లేటప్పుడు నోరు అదుపులో పెట్టుకోవాలి. ఇది లా కాలేజీలో చెప్పరు, మొదటి ఏడాది ప్రాక్టీసులో దెబ్బ తిని నేర్చుకుంటాం. ఆయన ప్రాక్టీసు ఇంకో పదేళ్లు చేసి ఉంటే ఆ మాట అనేవారు కాదేమో.

మానేరు ఒడ్డు | బుధవారం రాత్రి 10:30

ఇది బాగుంది. అంటే మీ వాదన మారింది. మొదట "నల్లకోటు విప్పలేదు" అన్నారు, ఇప్పుడు "కోటు ఎక్కువకాలం వేసుకోలేదు" అంటున్నారు. ఏదో ఒకటి తేల్చుకోండి, బెంచి మీద ఉన్నవాళ్లు అడుగుతారు.

నా మాటకు వస్తే, ఆయన ఇంకేం అన్నా ఫలితం పెద్దగా మారేది కాదు. 1972 ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 287లో 219 సీట్లు. ఆ మెజారిటీ ఇందిరా గాంధీ గాలికి వచ్చింది, ముఖ్యమంత్రి చేతిలోది కాదు. సీలింగ్ బిల్లు సెప్టెంబరులో, ముల్కీ తీర్పు అక్టోబరులో. ఒకే పార్టీలో భూమి పోతుందని భయపడేవాళ్లు, ఉద్యోగం పోతుందని భయపడేవాళ్లు ఒక నెల తేడాలో ఒకే గుంపయ్యారు. నోరు జారకపోతే ఇంకో ఆర్నెల్లు ఉండేవాడు, అంతే.

ఓరుగల్లు పోరడు | గురువారం ఉదయం 9:00

ఇంతకీ ముల్కీ పంచాయతీ తీరిందా? 1973లో కేంద్రం రాజీగా ఆరు సూత్రాలన్నరు. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు, ఉద్యోగాలకు జోన్లు. మన వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, ఖమ్మం అయిదో జోన్. మళ్లీ దాన్ని సక్కగ అమలు చేయలేదని 1985లో 610 జీవో. అదీ అమలు కాలేదని మా అన్నలు రోడ్డెక్కిండ్రు. వకీళ్లు రాసుడు, మేం రోడ్డెక్కుడు. నేను గ్రూప్-2కు చదువుతున్న, ఇదంతా తెలంగాణ ఉద్యమం పేపర్లో బిట్లే. పీవీ రాజీనామా ఏ తేదీనో కూడా అడుగుతరు.

కోట బురుజు | గురువారం సాయంత్రం 5:40

వకీలు, రాజకీయం అని ఇంత సేపు మాట్లాడి కాళోజీని మరిచిపోతే వరంగల్ ఊరుకోదు. ఆయనా లా చదివినవాడే, ఇక్కడి కోర్టులో వకీలే, 1958 నుంచి 1960 దాకా శాసనమండలి సభ్యుడు. ఎమర్జెన్సీ తర్వాత పోయిపోయి సత్తుపల్లిలో జలగం వెంగళరావు మీద నిలబడ్డాడు. గెలవడానికి కాదు, మొహం మీద ఒక మాట అనడానికి. పీవీ గురించి మాట్లాడేటప్పుడు పక్కన బాపూజీని, ఇటు పక్కన కాళోజీని నిలబెట్టండి. వకీలు రాజకీయంలోకి వస్తే ఎన్ని దారులుంటాయో కనపడుతుంది.

వాంకిడి వాసి | గురువారం రాత్రి 8:30

కోట బురుజు గారికి దండం. ఎవరో ఒకరు ఆ మాట అన్నారు.

మంత్రపురి | గురువారం రాత్రి 9:10

1984 కూడా చెప్పండి మరి. రాష్ట్రం వదిలి 1977లో, 1980లో హన్మకొండ నుంచి ఎంపీ అయ్యాడు. 1984లో అదే హన్మకొండ ఓడించింది. దేశమంతా బీజేపీకి వచ్చిన రెండు సీట్లలో ఒకటి ఇక్కడిదే, చందుపట్ల జంగారెడ్డి గారిది. అప్పుడు ఆయన్ను మహారాష్ట్రలోని రాంటెక్ గెలిపించింది. మంథని నాలుగుసార్లు గెలిపించింది, హన్మకొండ మూడోసారికే వదిలేసింది. జయంతులు మాత్రం మీరే ఘనంగా చేస్తారు.

హన్మకొండ జూనియర్ | గురువారం రాత్రి 9:45

మంత్రపురి గారూ, ఆ ఏడు ఎన్టీఆర్ గాలి, టీడీపీ మద్దతు జంగారెడ్డి గారికే ఉంది. మా ఊరి మీద పడకండి.

పావుగంటలో ఇదంతా పట్టదు కాబట్టి ఇట్లా అనుకుంటున్నా. 1952 ఓటమి రెండు నిమిషాలు. 1966 చట్టం, సర్వేల్ మూడు నిమిషాలు. పాత దస్త్రం గారి సిరా సంగతి, 38ఈ ఐదు నిమిషాలు, వినేవాళ్లందరూ భూమి కేసులవాళ్లే. మిగిలింది ముల్కీ తీర్పుకు. మానేరు ఒడ్డు గారు పట్టుకున్న లోపం సరిచేస్తూ, కోటు మాట తీసేసి, గ్రూపు లేని మనిషి అన్న ముక్క పెడతా. 1991 ఒక్క నిమిషం కూడా లేదు, సీనియర్లు కోప్పడితే మీరంతా బాధ్యులు.

వాంకిడి వాసి | గురువారం రాత్రి 9:58

మీ పట్టికలో 1952 ఉంది, 1966 ఉంది, 1972 ఉంది. 1969 ఏది?

హన్మకొండ జూనియర్ | గురువారం రాత్రి 10:15

సర్వేల్ నుంచి ఒక నిమిషం కోసి పెడతా సార్. అదే విద్యాశాఖ, అదే మంత్రి. బడి పెట్టిన సంగతి, బడులు మూతపడిన సంగతి పక్కపక్కన చెప్తా.

సర్వేల్ పాత బ్యాచ్ | గురువారం రాత్రి 10:22

నిమిషం తీసుకోండి, అభ్యంతరం లేదు. రేకు పెట్టె మాత్రం ఉంచండి.

పాత దస్త్రం | శుక్రవారం ఉదయం 6:20

ఆ ఫైలు ఏ మండలానిదో స్టేజీ మీద చెప్పకు బాబూ. మనవళ్లు ఇప్పుడు మీ బార్‌లోనే ఉన్నారు.